టేపు కింద దీపం

ప్రెసిడెంటు గారు పెన్ను మూత తీసి పక్కన పెట్టారు. ముప్ఫై ఏళ్ళు స్టేషన్ మాస్టరుగా చేసిన మనిషి. ఆయన పెన్ను మూత తీశారంటే పచ్చజెండా ఊపినట్టే, ఇక బండి ఆగదు.

"అయిదింటికి పత్రిక మనిషి వస్తాడు. డిజైన్ లోపం అని రాయక తప్పదమ్మా," అన్నారాయన. "నీ మొహం చూసి ఊరుకుంటే రేపు ఏ కుటుంబమో పిల్లాజెల్లాతో ఆ కారులో వెళ్ళి గోడకు గుద్దుకుంటుంది."

గోడ గడియారం నాలుగూ పది చూపిస్తోంది.

బల్లకు ఇవతల నిలబడి ఉంది వాషర్. అసలు పేరు వేరే ఉన్నా ఈ కార్ల క్లబ్బులో ఆమెను ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరు. నట్టుకూ బోల్టుకూ మధ్య ఎప్పుడు చూసినా ఇదే ఉంటుందని ఆరేళ్ళ వయసులో నాన్న పెట్టిన ముద్దుపేరు అది. ఇప్పుడు ముప్ఫై అయిదేళ్ళు వచ్చినా, కార్ల కంపెనీలో ఇంజినీరయినా, ఇక్కడ మాత్రం వాషరే.

పొద్దున పదిన్నర నుంచీ ఆమె కళ్ళ ముందు ఒకటే దృశ్యం తిరుగుతోంది. వాడకం మానేసిన రన్‌వే. వరసగా పేర్చిన ఎర్ర డబ్బాలు. ఎదురుగా ఏదో అడ్డొచ్చినట్టు ఒక్క ఉదుటున పక్కకు తప్పించి, మళ్ళీ దారిలోకి రావాలి. పోటీకి వచ్చిన మూడు కార్లూ ఒకదాని వెనక ఒకటి గట్టెక్కాయి. నాలుగోది పెద్దక్క. స్టీరింగు తిప్పినా అది తిరగలేదు. మొండికేసిన పిల్లలా తిన్నగా పోయి, చివర పాత టైర్లు పేర్చిన గోడను గుద్దుకుంది. నడుపుతున్నది ఆమె బాబాయి. డ్రైవింగ్ స్కూలు పెట్టి సగం ఊరికి బండి నేర్పినవాడు. భుజం ఎముక విరిగి ఆస్పత్రిలో ఉన్నాడు.

పెద్దక్క అంటే కారు పేరు కాదు. కంపెనీ ఏదో గొప్ప పేరే పెట్టింది. ముప్ఫై అయిదేళ్ళ కిందట ఆ కారు మొదటిసారి వచ్చినప్పుడు, ఇంటెడు మందినీ సామాన్లతో సహా నోరెత్తకుండా మోస్తుంది కాబట్టి జనమే దాన్ని పెద్దక్క అన్నారు. పదేళ్ళ కిందట ఆగిపోయిన ఆ కారును ఇప్పుడు కంపెనీ కొత్త రూపంలో తెచ్చింది. దాని అడుగుభాగం, అంటే చక్రాలూ స్ప్రింగులూ బండి నడకా మొత్తం, తిరగరాసింది వాషర్. నాలుగేళ్ళ పని. ఈ క్లబ్బు ఏటా నాలుగు కుటుంబం కార్లను పక్కపక్కన పెట్టి తేల్చే తీర్పు పత్రికలో అచ్చవుతుంది. దాన్ని చదవందే చాలా ఇళ్ళలో కారు కొనరు. అందులో "డిజైన్ లోపం" అన్న రెండు మాటలు పడితే పెద్దక్క మళ్ళీ ఆగిపోతుంది. ఈసారి ఆమెతో సహా. కంపెనీ నుంచి పై అధికారి మధ్యాహ్నం లోపల మూడుసార్లు ఫోన్ చేశాడు. నాలుగోసారి చేయలేదు. చేయకపోవడమే ఆమెను ఎక్కువ భయపెడుతోంది.

"మాస్టారూ, అరగంట ఇవ్వండి. కారును ఒక్కసారి చూడనివ్వండి," అంది.

"పొద్దుటి నుంచీ చూస్తూనే ఉన్నాంగా," అన్నాడు కిటికీ దగ్గర కూర్చున్న పళ్ళ డాక్టరు. "పంటికి పుచ్చు పట్టాక నవ్వు బాగుందని ఎంత చెప్పుకున్నా లాభం లేదు, వాషరమ్మా. పీకాల్సిందే."

ఆ మాట అని మీసం దువ్వుకున్నాడు. ఆ మీసానికో కథ ఉంది. పోటీలో ఉన్న కార్లలో ఒకటి ఆయన ఇరవై ఏళ్ళుగా ప్రాణం పెట్టుకున్న కంపెనీది. నిగనిగలాడే ముక్కు, తొక్కితే దూకే గుణం చూసి క్లబ్బు దానికి దొరబాబు అని పేరు పెట్టింది. పెట్రోలు చుక్కచుక్కా లెక్కచూసుకుని తాగేది పీనాసి. డిక్కీలో మడత మంచం పట్టేది గోడౌన్. మొన్న ఈ నాలుగింటినీ మొదటిసారి వరసలో నిలబెట్టినప్పుడు డాక్టరు అందరి ముందూ శపథం చేశాడు. పెద్దక్క గెలిస్తే మీసం తీసేస్తానన్నాడు.

రెండు రోజుల పాటు ఆ మీసం గండంలోనే ఉంది. కుటుంబం కారంటే వెనక సీటే అన్నది ఈ క్లబ్బు సిద్ధాంతం. ముగ్గురు పెద్దవాళ్ళు వెనక కూర్చుని, మధ్యవాడు నీళ్ళ గ్లాసు పట్టుకుని, గతుకుల రోడ్డు మీద రెండు మైళ్ళు వెళ్ళాలి. దొరబాబులో గ్లాసు సగమైంది. పీనాసిలో మధ్యవాడి చొక్కా తడిసింది. గోడౌన్‌లో నీళ్ళు నిలిచాయి కానీ కూర్చున్నవాళ్ళ నడుములు నిలవలేదు. పెద్దక్కలో నాలుగు చుక్కలు పోయాయి, అంతే. డిక్కీలో రెండో స్థానం, చప్పుడు లేకపోవడంలో మొదటిది. నిన్న సాయంత్రానికి పెద్దక్కకు డెబ్భై రెండు మార్కులు, దొరబాబుకు డెబ్భై. మిగిలింది ఇవాళ పొద్దుటి పరీక్ష ఒక్కటే.

ప్రెసిడెంటు గారు గడియారం వైపు చూశారు. "నాలుగూ నలభై అయిదు వరకు. నిమిషం కూడా ఎక్కువ ఉండదు."

* * *

షెడ్డులో పెద్దక్క ముక్కు చితికి, ఒక కన్ను పగిలి, తాళ్ళు కట్టిన గడి మధ్యలో నిలబడి ఉంది. తీర్పు రాసేవరకూ ఎవరూ ముట్టుకోకూడదని పొద్దునే ప్రెసిడెంటు గారు తాడు కట్టించారు. వాషర్ తాడు కిందనుంచి దూరింది. మాస్టారూ డాక్టరూ వెనకే వచ్చి తాడు అవతల నిలబడ్డారు.

పొద్దుటి నుంచీ ఈ షెడ్డులో జరగని చర్చ లేదు. ముందు చక్రాల కోణం గురించి, బరువు ఎటు పడుతుందన్న దాని గురించి, స్ప్రింగుల గట్టిదనం గురించి జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. కార్ల పిచ్చి ఉన్నవాళ్ళతో వచ్చే చిక్కే ఇది. మామూలు మనిషి ముందు అడిగే ప్రశ్న వీళ్ళకు అందరికన్నా ఆఖర్న తడుతుంది.

ఆమె డ్రైవరు సీట్లో కూర్చుంది. ఎదురుగా డాష్‌బోర్డు అంతా బూడిదరంగు కాగితం టేపు. ఇది క్లబ్బు ఆనవాయితీ. కంపెనీ గుర్తు కనిపిస్తే చేతులు తెలియకుండానే మార్కులు వేస్తాయి కాబట్టి, పోటీకి ముందురోజు ప్రతి కారుకూ లోపలా బయటా పేర్లూ గుర్తులూ టేపుతో కప్పేస్తారు. లోపల వేగం చూపించే ముల్లు తప్ప ఇంకేమీ కనిపించకూడదు. కళ్ళు మూసుకుని రుచి చూసినట్టన్నమాట. క్లబ్బు పెట్టిన ఏడాది నాన్న మొదలుపెట్టిన పద్ధతి అది. నాన్న అప్పుడు కంపెనీలో స్ప్రింగుల మేస్త్రీ. పాత పెద్దక్కకు ఆ మెత్తటి నడక ఇచ్చింది ఆయన చేతులే. ఈ క్లబ్బు పెట్టిందీ, ఈ షెడ్డు కట్టించిందీ ఆయనే. మోకాళ్ళు అరిగిపోయాక, ఆరేళ్ళుగా ఇటు రావడం మానేశాడు.

ఆమె తాళం ఒక మెట్టు తిప్పింది. ఇంజను లేవలేదు కానీ డాష్‌బోర్డులో ప్రాణం వచ్చింది. టేపు అడ్డంగా ఉండడంతో ఏమీ కనబడలేదు. ఎడమ పక్క ఒక్కచోట మాత్రం, టేపు కింద, కాగితం వెనక పెట్టిన అగ్గిపుల్లలా చిన్న పసుపు వెలుగు.

గోటితో టేపు అంచు లేపి లాగింది. చర్రుమని ఊడివచ్చింది.

దీపం వెలుగుతోంది. టైరు బొమ్మ, దాని మధ్యలో ఒక ఆశ్చర్యార్థకం.

"మాస్టారూ, ఇలా రండి," అంది. "గాలి తగ్గిందని కారు చెబుతూనే ఉంది. మనమే దాని నోటికి టేపు వేశాం."

డాక్టరు తొంగి చూసి పెదవి విరిచాడు. గోడను గుద్దుకున్న కారులో దీపాలు వెలగక ఏం చేస్తాయన్నాడు. అదీ నిజమే. వాషర్ దిగి, నాలుగు టైర్లనూ కాలితో తన్ని చూసింది. ఒక్కటీ పగల్లేదు. పైకి చూస్తే నాలుగూ నిండుగానే ఉన్నాయి. ఈ కాలం టైర్ల పక్కలు అంత గట్టివి. గాలి సగం పోయినా పైకి దర్జాగానే కనిపిస్తాయి. "గుద్దుకుంటే ఒక టైరు దెబ్బతినాలి, లేదా రెండు. నాలుగూ కాదు కదా. కొలుద్దాం. డాక్టరు గారూ, మీ గాలి గేజీతోనే కొలవండి, తర్వాత నేను మాయ చేశానన్న మాట రాకుండా."

డాక్టరు గేజీ చాలా ఖరీదైనది, పళ్ళు కొలిచే పనిముట్టంత ముచ్చటగా తోలు సంచిలో ఉంటుంది. ఆయన వంగి ముందు ఎడమ చక్రం దగ్గర మొదలుపెట్టాడు. ప్రెసిడెంటు గారు జేబులోంచి చీటీ తీశారు.

కొత్త పెద్దక్కకు నాలుగు చక్రాలకూ గాలి ముప్ఫై మూడు పాయింట్లు ఉండాలి. నిన్న సాయంత్రం అలాగే ఉన్నట్టు రిజిస్టరులో ఉంది.

"ఇరవై నాలుగు," అన్నాడు డాక్టరు. మళ్ళీ పెట్టి చూశాడు. "ఇరవై నాలుగే."

డ్రైవరు వైపుది ఇరవై అయిదు. వెనక రెండూ ఇరవై ఎనిమిది.

అంత తక్కువ గాలితో, అంత వేగంలో పక్కకు తిప్పితే ముందు చక్రాలు బురదలో కాలు వేసినట్టు జారిపోతాయి. ఏ స్ప్రింగూ కాపాడలేదు. ఆ సంగతి అక్కడున్న ముగ్గురిలో ఎవరికీ ఒకరు చెప్పనక్కర్లేదు.

ప్రెసిడెంటు గారు చీటీ మడిచి, నెమ్మదిగా డాక్టరు వైపు తిరిగారు. "నిన్న సాయంత్రం గాలి చూసి రిజిస్టరులో సంతకం పెట్టింది ఎవరు?"

"నేనే," అన్నాడు డాక్టరు.

"టేపు వేసింది ఎవరు? షెడ్డు తాళం రాత్రంతా ఎవరి దగ్గరుంది?"

మూడింటికీ జవాబు ఒకటే. ఈ ఏడాది వంతు డాక్టరుది. ఆయన చెయ్యి అలవాటుగా మీసం మీదికి వెళ్ళి, అక్కడే ఆగిపోయింది. ప్రెసిడెంటు గారు ఇంకేమీ అడగలేదు. గేజీ ఇలా ఇవ్వమని చెయ్యి చాపారు. డాక్టరు ఇచ్చేశాడు. ఇద్దరూ ఆఫీసు గది వైపు నడిచారు, ముందు మాస్టారు, రెండడుగులు వెనక డాక్టరు.

వాషర్‌కు గుండెల మీద నుంచి కొండ దిగినట్టయింది. తన కారు తప్పు లేదు. నాలుగేళ్ళ పని వృథా కాలేదు. ఇప్పుడే అధికారికి ఫోన్ చేసి చెప్పాలి. ఫోన్ తీసింది.

అంకెలు నొక్కబోయిన వేలు గాల్లో ఆగిపోయింది.

ఇరవై నాలుగు. ఇరవై ఎనిమిది.

* * *

ఆ రెండు అంకెలూ ఆమెకు ఎక్కాలకన్నా ముందు వచ్చాయి.

వాళ్ళింటి పక్క రేకుల చావిట్లో పాత పెద్దక్క ఉండేది. పాలనీ నీలాన్నీ కలిపినట్టుండే రంగు. ఆదివారం పొద్దున ఎక్కడికైనా బయల్దేరాలంటే ముందు గాలి చూడాలి. నాన్న చిన్న ముక్కాలిపీట వేసుకుని ఒక్కో చక్రం దగ్గరా కూర్చునేవాడు. వాల్వు మూతలు తిప్పి తీసి ఒక్కొక్కటీ ఆమె అరచేతిలో పెట్టేవాడు. నాలుగు నల్లటి మూతలు. గుప్పిట మూసుకుని, ఊపిరి బిగబట్టి నిలబడేది, ఒకటి పారేస్తే ప్రయాణమే ఆగిపోతుందన్నంత బాధ్యతగా. "ముందు ఎంత?" అని అడిగేవాడు. "ఇరవై నాలుగు." "వెనక?" "ఇరవై ఎనిమిది." "ఎందుకు?" "వెనక మనుషులెక్కువ, డిక్కీలో సామానెక్కువ." "శభాష్ వాషరూ."

ఆ తర్వాత తలుపు వేసేవాడు. పాత పెద్దక్క తలుపు చప్పుడు ఇంకే కారుకూ లేదు. రెండు చప్పుళ్ళు. ముందు బరువుగా "ధబ్" అని, వెంటనే గొళ్ళెం పడినట్టు చిన్నగా "టిక్" అని. బడి నుంచి వచ్చి వసారాలో లెక్కలు చేసుకుంటూ, ఆ రెండో చప్పుడు వినిపించగానే పలక పక్కన పారేసి పరిగెత్తేది. వెనక సీటు గచ్చులాగా వెడల్పు. అమ్మ ఒళ్ళో తల, కిటికీలో కాళ్ళు, కింద నాన్న స్ప్రింగులు ఉయ్యాలలా ఊపుతుంటే ఊరు దాటకముందే నిద్రపోయేది.

నాన్న స్ప్రింగులు. ఆకులు ఆకులుగా పేర్చిన కమాను పట్టీలు. కొత్త పెద్దక్కలోంచి ఆమె మొట్టమొదట తీసి పారేసింది వాటినే. తీయక తప్పదు, కాలం మారింది, వేగం మారింది. ఎనిమిది నెలల కిందట నాన్నకు ఆ సంగతి చెప్పినప్పుడు ఆయన కోప్పడలేదు. "ఊఁ" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన ఆమెతో అన్నీ మాట్లాడతాడు. వాన గురించి, మోకాళ్ళ గురించి, అమ్మ మందుల గురించి. ఆ కారు గురించి మాత్రం ఒక్క మాటా లేదు.

అలాగని ఇరవై నాలుగూ ఇరవై ఎనిమిదీ ఆయన ఒక్కడి సొత్తేం కాదు. పాత పెద్దక్క ఉన్న ఇళ్ళన్నిటికీ తెలుసు. డాక్టరు వాళ్ళ నాన్నకూ ఉండేదది. వాషర్ ఆ సన్నటి ఆశను పట్టుకుని వేలాడింది కాసేపు.

కానీ డ్రైవరు వైపు ఇరవై అయిదు.

నాన్నది భారీ శరీరం. తను కూర్చునే వైపు ఒక పాయింటు ఎక్కువ పెట్టేవాడు. ఏ పుస్తకంలోనూ లేని లెక్క. "నేను సగం డిక్కీ అంత బరువున్నాను కదే" అని నవ్వేవాడు. ఆ ఒక్క పాయింటు సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురే. నాన్న, తను, బాబాయి.

బాబాయి.

పొద్దున పరీక్షకు ముందు బండి వేడెక్కడానికి ఒక చుట్టు తిప్పుకొచ్చి దిగాడు. మొహం వెలిగిపోతోంది. "అచ్చం పాత పెద్దక్కేనే! అదే ఊగు!" అన్నాడు. నాలుగేళ్ళలో ఆమె విన్న మెచ్చుకోళ్ళన్నిటిలోకీ గొప్పది అదే అనుకుంది. కళ్ళు చెమర్చాయి కూడా. ఊగింది స్ప్రింగులు కాదు. గాలి లేని టైర్లు.

మధ్యాహ్నం ఆస్పత్రికి వెళ్ళినప్పుడు, ఏం జరిగింది బాబాయ్ అని మూడుసార్లు అడిగింది. స్టీరింగు బరువుగా తగిలింది, వయసైపోయింది కదా అన్నాడు గోడ వైపు చూస్తూ. తర్వాత ఆయన అడిగింది ఒకటే ప్రశ్న. వచ్చేటప్పుడు అడిగాడు, గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచి మళ్ళీ అడిగాడు. "మీ నాన్నకు ఎవరూ చెప్పలేదు కదా?" అని. అన్నయ్య గుండె దడ గురించి తమ్ముడు పడే బెంగ అనుకుంది. పచ్చి అబద్ధాలు పరమ వీజీగా చెప్పే బాబాయి ఆ ఒక్కపూట ఎందుకంత తడబడ్డాడో ఇప్పుడు తెలిసింది. గోడకు గుద్దుకునే క్షణంలో ఆయన చేతులకు అర్థమైపోయింది, అవి ఎవరి అంకెలో.

చెడగొట్టాలనుకున్నవాడు పిన్నుతో వాల్వు నొక్కి బుస్సుమనిపించి పోతాడు. ఎంత పోయిందో కొలుచుకోడు. ఇక్కడ ముప్ఫై మూడు నుంచి ఓపిగ్గా, కొంచెం కొంచెంగా దించి, ముల్లు సరిగ్గా గీత మీద నిలిచేదాకా చూసుకున్నారెవరో. ఇది తీసేసిన గాలి కాదు. సరిచేసిన గాలి.

ఆమె వంగి డ్రైవరు వైపు చక్రం వాల్వు మూత ముట్టుకుంది. ఇందాక డాక్టరు కొలిచేటప్పుడు అది వేలు తగలగానే ఊడివచ్చింది. వేళ్ళు పట్టు తప్పిన మనిషి తిప్పినట్టు, సగం మరల మీదే ఆగి ఉండింది.

* * *

షెడ్డు వెనక గేటు దగ్గర వాచ్‌మన్ తాత టీ గ్లాసులు కడుగుతున్నాడు. పొద్దున్న ప్రెసిడెంటు గారు అడిగితే ఎవరూ రాలేదని ఒట్టేసి చెప్పిన మనిషి. వాషర్ ఆయన పక్కనే గట్టు మీద కూర్చుంది. ఎవరైనా వచ్చారా అని అడగలేదు.

"తాతా, నాన్న ఎన్నింటికి వచ్చారు?"

గ్లాసు తోముతున్న చెయ్యి ఆగింది.

"ఆరున్నరకమ్మా."

"ఎవరూ రాలేదని చెప్పావు కదా మాస్టారుకి."

"మేస్త్రీగారు రావడం కూడా ఒక రావడమేనా? షెడ్డు ఆయన కట్టించిందే." తాత గ్లాసు బోర్లించాడు. తర్వాత అడక్కుండానే ఒక్కొక్కటీ చెప్పాడు. డాక్టరు గారు పంపిన తాళంతో ఊడ్వడానికి షెడ్డు తెరిచి ఉంచాడు. మేస్త్రీగారు కర్ర పట్టుకుని వచ్చారు. పీట అడిగి తెప్పించుకున్నారు. మోకాళ్ళు వంగక ఒక్కో చక్రం దగ్గరా కూలబడి, లేవడానికి తన భుజం పట్టుకున్నారు. అరగంట పైనే పట్టింది. చివర్లో బానెట్టు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డారు. అమ్మాయికి చెప్పొద్దన్నారు.

"ఎలా అన్నారు తాతా? నవ్వుతూ అన్నారా?"

తాత ఆలోచించాడు. అబద్ధం చెప్పాలా వద్దా అని కాదు, నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి. "మొహం కనబళ్ళేదమ్మా. కారు వైపు తిరిగి ఉన్నారు."

వాషర్ లేచింది. కూతురి కారు కూడా తన కారే అనుకుని, తన అంకెలతో దీవించడానికి వచ్చాడా? తన స్ప్రింగులు లేని కారు తిరగలేదని లోకానికి చూపించడానికి వచ్చాడా? పాత కారులో గాలి దీపం లేదు కాబట్టి ఆయనకు ఆ సంగతే తెలియదని ఒక మనసు అంటోంది. టేపు వేసే ఆనవాయితీ పెట్టిందే ఆయన కదా, దాని కింద ఏం దాక్కుంటుందో ఆయనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందని ఇంకో మనసు అంటోంది.

నాలుగూ నలభై మూడు.

* * *

ఆఫీసు గదిలో పాత కాగితం చింపేసి ఉంది. ప్రెసిడెంటు గారి ముందు కొత్త కాగితం. కారులో లోపమేమీ లేదనీ, పరీక్షకు ముందు ఎవరో కావాలని గాలి తీశారనీ ఆయన గుండ్రటి చేతిరాత అప్పుడే నాలుగు వాక్యాలు సాగింది. అయిదో వాక్యం మధ్యలో పెన్ను ఆగి ఉంది. అక్కడ ఒక పేరు పడాలి.

"రా అమ్మా. నీ కారు గెలిచింది. నిన్నటి మార్కులతోనే మొదటి స్థానం ఇస్తున్నాం," అన్నారాయన. "ఇక ఈయన సంగతి. ఇరవై ఏళ్ళ సభ్యత్వం రద్దు. మనిషి ఎముక విరిగింది కాబట్టి పోలీసులకూ చెప్పాలి. పేరు అచ్చులో పడాలి."

డాక్టరు కిటికీ దగ్గర కుర్చీలోనే ఉన్నాడు కానీ అందులో కూర్చున్నట్టు లేడు, ఎవరో అక్కడ పెట్టి మర్చిపోయినట్టున్నాడు. వాషర్‌ను చూసి లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

"నేను తీయలేదు వాషరమ్మా," అన్నాడు. "దొరబాబు ఓడిపోతే నాకు పోయేది మీసం. ఇలాంటి పని చేసి గెలిస్తే మొహమే ఉండదు. మీ బాబాయి నాకు బండి నేర్పిన గురువు. నన్ను నమ్ము."

మాస్టారు నమ్మలేదు. నమ్మడానికి ఆయన దగ్గర కారణమూ లేదు. సంతకం ఉంది, తాళం ఉంది, శపథం ఉంది.

ఆమె ఏమీ చేయనక్కర్లేదు. ఊరికే నిలబడితే చాలు. కారు బతుకుతుంది, ఉద్యోగం బతుకుతుంది. బాబాయి ఎప్పటికీ నోరు విప్పడు. తాత అంతకన్నా విప్పడు. నాన్న ఇంట్లో వాలుకుర్చీలో కూర్చుని ఏమీ తెలియకుండా సాయంత్రం వార్తలు వింటాడు. పోయేది ఒక్క పళ్ళ డాక్టరు. పొద్దుటి నుంచీ తనను సూదులతో పొడిచినట్టు పొడిచిన మనిషి.

మాస్టారి కుర్చీ వెనక గోడకు ఒక ఫోటో వేలాడుతోంది. క్లబ్బు మొదటి పోటీ. వెలిసిపోయిన రంగుల్లో పాత పెద్దక్క, పక్కన భారీగా నిలబడ్డ నాన్న, బానెట్టు మీద రెండు జడలతో ఒక పిల్ల. పిల్ల కుడి గుప్పిట గట్టిగా మూసి ఉంది. అందులో ఏముందని ఈ క్లబ్బులో ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. నాలుగు మూతలు. ఒక్కటీ పారేయలేదు.

పక్క బల్ల మీద కంపెనీవారికి పంపాల్సిన నకలు కాగితం. ప్రెసిడెంటు గారు పెన్ను వంచారు.

అప్పుడు బయట, గేటు దగ్గర, ఒక కారు ఆగింది. ఇంజను దగ్గి, ఒకసారి వణికి ఊరుకుంది.

ధబ్. టిక్.

బాబాయి సంగతి నాన్నకు ఎవరో చెప్పేశారు. అయిదేళ్ళుగా స్టీరింగు ముట్టని మనిషి రేకుల చావిట్లోంచి బండి తీసి నడుపుకుంటూ వచ్చాడు. కంకర మీద కర్ర చప్పుడు ఆఫీసు గది వైపే వస్తోంది. నెమ్మదిగా, ఒక్కో అడుగుకూ ఆగుతూ.

"డాక్టరు గారి ఇంటిపేరుతో సహా రాయాలా?" అని తనలో తాను అనుకుంటూ మాస్టారు పెన్ను మొన కాగితానికి ఆనించారు.

"ఆగండి మాస్టారూ," అంది వాషర్. బల్ల దగ్గరికి వచ్చి, కాగితం మీద ఆ ఖాళీ చోట వేలు పెట్టింది. "డాక్టరు గారు కాదు. ఆయన నిన్న ముప్ఫై మూడే పెట్టారు. పొద్దున ఆరున్నరకు వచ్చి ఇరవై నాలుగుకు దించిన మనిషి వేరే ఉన్నారు."

"ఎవరమ్మా?"

కర్ర చప్పుడు గుమ్మం బయట ఆగింది.

"స్ప్రింగుల మేస్త్రీ," అంది ఆమె. ఆ మాట సరిపోదనిపించి, గుమ్మం వైపు తిరిగి, బయటికి వినిపించేలా మళ్ళీ చెప్పింది.

"మా నాన్న."